రజాయి కప్పిన బల్ల

ఢిల్లీలో జనవరిలో పెరుగు తోడుకోవాలంటే గిన్నెకి దూది రజాయి కప్పాలి. ఆర్.కె. పురం గవర్నమెంటు క్వార్టర్స్‌లో ఏ తెలుగింటి ఇల్లాలిని అడిగినా ఇదే చెబుతుంది. సునంద బల్లకి కూడా రజాయి కప్పింది. బీఎస్సీ కెమిస్ట్రీ చదివిన మనిషి చేయాల్సిన పనేనా అంటే, కాదు. తొందరపడితే చదివిన చదువు ఎక్కడికి పోతుందో ఆ దేవుడికే తెలియాలి.

రెండు చెక్కపలకల మధ్య రెసిన్ అనే జిగురుకి నీలం రంగు కలిపి పోసి, ఏరు పారుతున్నట్టుండే బల్ల చేయడం ఆమె వీడియోలు చూసి నేర్చుకుంది. ఇన్నాళ్ళూ చిన్న చిన్న ట్రేలు చేసి అందరికీ పంచింది. భర్త లక్ష్మీపతి దాన్ని టైంపాస్ అంటాడు. మినిస్ట్రీలో ఫైళ్ళు తిప్పేవాడికి చేత్తో చేసే పని విలువ ఏం తెలుస్తుంది! మొన్న మయూర్ విహార్ ఛాయాదేవి గారు, ఆదివారం గృహప్రవేశానికి ఒక బల్ల చేసిపెట్టమన్నారు. బయటివాళ్ళు అడిగిన మొదటి పని. అది బాగా వస్తే ఇంట్లో ఆ టైంపాస్ అనే నోరు మూతపడుతుంది. సునందకి కావలసింది అదే.

రెసిన్‌లో హార్డెనర్ కలిపితే దానంతటదే వేడెక్కి గట్టిపడుతుంది. పల్చగా పోస్తే ఆ వేడి గాలికి పోతుంది. లోతుగా పోస్తే లోపలే ఉండిపోయి, ఇంకా వేడిని పుట్టిస్తుంది. అందుకే పొరలు పొరలుగా పోయాలి. కానీ శుక్రవారం పోసిన మొదటి పొర శనివారం మధ్యాహ్నానికి కూడా చలికి జిగటగానే ఉంది. సునంద మిగిలినదంతా ఒకేసారి కలిపి పోసేసి, రజాయి కప్పి, వంటింట్లోకి వెళ్ళింది.

కాసేపటికి ముక్కులు పగిలే వాసన. గది నిండా పొగ. లక్ష్మీపతి నీళ్ళ బకెట్‌తో పరుగెత్తుకొచ్చాడు.

"నీళ్ళు పోయకండి, మీదికి చిమ్ముతుంది! బయటికి నడవండి!"

ఆమె కర్రతో రజాయిని బాల్కనీలోకి లాగి, తలుపులు బార్లా తెరిచి, అతని వెనకే మెట్ల మీదికి వచ్చిపడింది. పొగ పలచబడ్డాక గుమ్మంలోంచి చూస్తే, ఏరు ఉండాల్సిన చోట పగుళ్ళిచ్చిన గోధుమరంగు గడ్డ. ఆమెకి ఏడుపొచ్చింది. భయంతో కాదు, సిగ్గుతో.

కింది ఇంటి రాధాకృష్ణమూర్తి గారు మఫ్లర్ చుట్టుకుని మెట్లెక్కి వచ్చారు. "ఏమిటయ్యా ఈ పొగ?"

"పాలు మాడాయండీ. స్టవ్ మీద పెట్టి మర్చిపోయింది," అన్నాడు లక్ష్మీపతి చటుక్కున. ఆమె చెవిలో, "కంప్లైంట్ పెడితే క్వార్టర్ ఖాళీ చేయమంటారు. రేపు ఆ సామానంతా పాత సామాన్లు కొనే కబాడీవాడికిచ్చెయ్," అన్నాడు.

సునందకి ఒళ్ళు మండిపోయింది. ఇప్పుడు ఊరుకుంటే రేపట్నుంచి తను పాలు మాడ్చిన మనిషి, అంతే.

"పాలు కాదంకుల్. నేను చేస్తున్న బల్ల. లోతుగా పోసి పైన రజాయి కప్పాను. వేడి పోయే దారి లేక ఇలా అయింది. తప్పు నాదే. కంప్లైంట్ ఇస్తే ఇవ్వండి."

లక్ష్మీపతి మొహం పాలిపోయింది. ఆమె ఇద్దరి ముందే ఛాయాదేవి గారికి ఫోన్ చేసి, బల్ల పాడైందని, రెండు వారాలు కావాలని చెప్పింది. గృహప్రవేశం అయిపోయాక ఎందుకమ్మా, వద్దులే అన్నారావిడ.

"పోనీలేమ్మా," అన్నారు రాధాకృష్ణమూర్తి గారు జాలిగా. "అడిగినవాళ్ళే వద్దన్నాక ఇంక ఈ తలనొప్పి ఎందుకు?"

సునంద కొంగుతో మొహం తుడుచుకుంది.

"మళ్ళీ చేస్తానంకుల్. చలి తగ్గాక, బాల్కనీలో, పొర తరవాత పొర. ఎవరూ అడగకపోయినా చేస్తాను."