ముద్దపప్పు జోల

మా మణిదీప్ గాడి ముందు నోరు జారడం నాకు కొత్త కాదు. కానీ ఆ వేసవిలో, నిడదవోలులో రైలు కదలగానే జారిన మాట మాత్రం నా ప్రాణం మీదికి తెచ్చింది.

మణిదీప్ మా మేనమామ కొడుకు. నాకంటే నాలుగంటే నాలుగు నెలలు పెద్ద. ఆ నాలుగు నెలలకే వాణ్ణి బావా అని పిలవాలట! నేను ఒరేయ్ అన్నప్పుడల్లా మా అమ్మమ్మ తలుపులమ్మ నా నెత్తిన ఒక మొట్టికాయ వేస్తుంది. వేస్తే వెయ్యనీ. బావా అని పిలిపించుకునే మొహమేనా అది?

మామయ్య దుబాయ్ నుంచి వస్తూ మా ఇద్దరికీ చెరో గేము మెషిన్ తెచ్చాడు. అరచేతిలో పట్టేంత ఉంటుంది. దాంట్లో మాన్‌స్టర్లు దొరుకుతాయి. పిల్లగా ఉన్నప్పుడే పట్టుకుని, పేరు పెట్టి, దెబ్బలాట నేర్పి పెంచుకోవాలి. రెండు మెషిన్లకీ మధ్య వైరు తగిలిస్తే వాడిదీ నాదీ కొట్టుకుంటాయి. అదే వైరుతో ఒకదానికొకటి మార్చుకోవచ్చు కూడా.

నా దాని పేరు ముద్దపప్పు. గుండ్రంగా, పసుప్పచ్చగా, నెయ్యి వేసి పిసికినట్టు ఉంటుంది. దానికొచ్చిన పెద్ద విద్య ఒకటే, జోల. అది నోరు తెరిచి పాడితే ఎదుటిది నిద్రలో పడిపోవాలి. పడిపోవాలి అంటున్నాను గానీ సగం సార్లు తగలదు. తగిలినా అవతలిది ఏ క్షణాన లేస్తుందో దేవుడికే తెలియాలి. ఆ నిద్రపోయే కాసేపట్లో నా ముద్దపప్పు వెళ్లి దాన్ని చెయ్యెత్తి చరుస్తుంది. అంతే, దానికి వేరే బలం లేదు. అయినా సరే, సెలవులన్నీ దాన్నే పెంచాను. అన్నం తింటూ పెంచాను, తలంటు పోయించుకుంటూ కళ్లు మండుతుంటే కూడా పెంచాను.

వాడిది బుల్డోజర్. కొమ్ములు, రెక్కలు, నోట్లోంచి నిప్పు. దాన్ని చూస్తే నాకే భయమేసేది.

రాజమండ్రిలో మా పిన్ని ఇంటికి అమ్మమ్మ మా ఇద్దరినీ తీసుకెళ్తోంది. ప్యాసింజర్ బండిలో కిటికీ పక్కన ఎదురెదురుగా కూర్చున్నాం. నా తెర వైపు తొంగిచూసి వాడు పకపకా నవ్వాడు.

"జోల పాడేదాన్ని పెంచుతున్నావేంటే హేమా? ఓ ఉయ్యాల కూడా కట్టు, ఊళ్లో పిల్లలందర్నీ నిద్రపుచ్చుతుంది."

నాకు ఒళ్లు మండింది. "నీ బుల్డోజర్ని నిద్రపుచ్చి మరీ తంతుంది, చూస్తావా? ఓడిపోతే నా ముద్దపప్పుని నీకిచ్చేస్తాను!"

"ఒట్టు?"

"ఒట్టు. నువ్వు ఓడితే బుల్డోజర్ నాది."

"ఓ, తీసుకో. రాజమండ్రి వచ్చేలోపు తేల్చేద్దాం" అన్నాడు వాడు, అప్పుడే నా ముద్దపప్పు వాడి జేబులో ఉన్నంత ధీమాగా.

అన్నాక నాలిక కరుచుకున్నాను. ఏం లాభం? ఒట్టు ఒట్టే.

వైరు తగిలించాం. ఇద్దరం మీట నొక్కితే గానీ ఆట ముందుకు కదలదు. మొదటి జోల పాడించాను. తగల్లేదు. బుల్డోజర్ నిప్పు ఊదింది. ముద్దపప్పు ప్రాణం సగానికి సగం పోయింది. రెండోసారి పాడించాను. హమ్మయ్య, తగిలింది! బుల్డోజర్ కళ్లు మూసింది. "చరువు, చరువు!" అని నేను అరుస్తుంటే పక్కనున్న అరటిగెలల ఆయన ఉలిక్కిపడి చూశాడు. రెండు చరుపులు పడ్డాయో లేదో అది లేచి మళ్లీ నిప్పు ఊదింది. ఇక నా దానికి మిగిలింది కొనఊపిరి. ఇంకొక్క నిప్పు తగిలితే ఆట అయిపోతుంది, ముద్దపప్పు వాడిదైపోతుంది.

వాడు గెలుస్తున్నదెందుకో నాకు తెలుసు. వాడు మహా జాగ్రత్తపరుడు. తెర మీద బుల్డోజర్ విద్యలు వరసగా ఉంటాయి. అన్నిటికంటే పైన గుర్రు. అది వట్టి గుర్రుమనడమే, చీమకి కూడా దెబ్బ తగలదు. నిప్పు అన్నిటికంటే కింద ఉంటుంది. ప్రతిసారీ బాణం గుర్తుని కిందికి దింపుకుని నిప్పు దగ్గర నొక్కాలి. బుల్డోజర్ నిద్రలో ఉన్నప్పుడు కూడా వాడు ఓపిగ్గా కిందికి దింపి నిప్పే నొక్కేవాడు, లేచిందంటే వెంటనే కాల్చెయ్యడానికి.

అలాంటివాడి చేత తప్పు నొక్కించడం ఎలాగరా భగవంతుడా అనుకుంటుంటే కొవ్వూరు వచ్చింది. అమ్మమ్మ బొడ్డులోంచి చిన్న సంచి తీసి ముడి విప్పుతోంది, గోదారిలో వెయ్యడానికి చిల్లర కోసం.

నా బుర్రలో టపాకాయ పేలింది!

మా అమ్మమ్మ సంగతి మీకు తెలియదు. బ్రిడ్జి మీద ఆవిడ ఎవర్నీ ఊరుకోనివ్వదు. డబ్బులు వెయ్యాలి, రెండు చేతులూ జోడించాలి. చేతిలో ఏమున్నా లాగేస్తుంది. పోయినసారి మామయ్య నోటిదాకా వెళ్లిన జంతికని కూడా లాగేసింది.

అంటే బ్రిడ్జి ఎక్కేదాకా నేను బతికుండాలి. అప్పటికి బుల్డోజర్ నిద్రలో ఉండాలి. రైలేమో కొవ్వూరు దాటకుండా సిగ్నల్ కోసం ఆగి కూర్చుంది.

"నొక్కవే" అన్నాడు వాడు.

"ఆలోచించుకోనివ్వు."

"ఏంటి ఆలోచించేది? నీకున్నది జోలొక్కటే కదా."

"ఎలా పాడించాలో ఆలోచిస్తున్నాను."

"ఓడిపోతానని భయపడుతున్నావు."

"అవును, భయమే. అయితే ఏంటంట?" అన్నాను. ఎప్పటికి కదులుతావే తల్లీ అని రైలుని లోపల్లోపల తిట్టుకుంటున్నాను.

ఎట్టకేలకు కూత పెట్టి కదిలింది. ఇళ్లు వెనక్కి పోయాయి, గట్టు కనిపించింది. జోల మీద వేలు పెట్టి కళ్లు మూసుకుని నొక్కాను. తగలకపోతే నా పని సరి. కళ్లు తెరిచి చూస్తే బుల్డోజర్ తల వాల్చేసి ఉంది.

"పడుకుంది! పడుకుంది!" అని సీటు మీద ఎగిరాను. వెంటనే ఒక చరుపు. వాడు పళ్లు కొరుక్కుంటూ బాణాన్ని కిందికి దింపి నిప్పు నొక్కాడు. లేవలేదు. ఇంకో చరుపు. వాడు మళ్లీ నిప్పు. అప్పుడూ లేవలేదు. బుల్డోజర్ ప్రాణం గీత ఎర్రబడింది. ఇంకొక్కటి చాలు. కానీ ఈసారి లేస్తుంది, లేచి తీరుతుంది.

అంతలో చక్రాల చప్పుడు మారింది. ఢబఢబమంటూ బ్రిడ్జి ఎక్కాం. కిందంతా గోదారి.

"గోదారమ్మ తల్లీ!" అంటూ అమ్మమ్మ లేచి మా అరచేతుల్లో చెరో రూపాయి పెట్టింది. "ఏం పొయ్యేకాలమర్రా మీకు, తల్లి కనపడుతుంటే ఇంకా ఆ డబ్బా నొక్కుతారేంటి? వెయ్యండి! దణ్ణం పెట్టండి!"

"ఒక్క నిమిషం నాన్నమ్మా..."

"నీ నిమిషం తగలెయ్యా, ఇలా ఇయ్యి ఆ డబ్బా!"

అమ్మమ్మ చెయ్యి మెషిన్ మీదికి వస్తోంది. లాగేస్తే వైరు ఊడిపోతుంది. వాడు కంగారుపడ్డాడు. నేను అప్పటికే చరుపు నొక్కేసి మెషిన్ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. ఎలాగూ నిద్రలోనే ఉందిగా అనుకున్నాడేమో, బాణాన్ని కిందికి దింపకుండా బొటనవేలితో ఒక్క నొక్కు నొక్కేసి, రూపాయి కిటికీలోంచి విసిరి చేతులు జోడించాడు.

నేనూ జోడించాను. కళ్లు మాత్రం ఒళ్లోనే ఉన్నాయి.

బుల్డోజర్ లేచింది. అది ఒళ్లు విరుచుకుని, నోరు తెరిచి, గుర్రుమంది. అంతే. ఇక నా ముద్దపప్పు వంతు. గునగునా వెళ్లి ఒక్కటి చరిచింది. బుల్డోజర్ కుప్పకూలింది.

"గెలిచేశాన్రోయ్!" నా అరుపు గోదారి అవతలి గట్టుకి వినపడే ఉంటుంది.

"తొండి! నాన్నమ్మ మధ్యలో వచ్చింది. ఇది లెక్కలోకి రాదు!"

"ఏం లెక్కరా?" అంది అమ్మమ్మ. విషయం చెప్పాను. ఆవిడకి ఆ ఆట గురించి ముక్క తెలియదు, ఒట్టు గురించి మాత్రం బాగా తెలుసు. "ఇస్తానని నువ్వే అన్నావా?"

"అన్నాను గానీ..."

"మరింకేం? తల్లి ముందు కూర్చుని మాట తప్పుతావా? ఇచ్చెయ్యి."

వాడి మొహం మాడిపోయింది. ఒకటిచ్చి ఒకటి పుచ్చుకుంటేనే మార్పిడి జరుగుతుంది కాబట్టి, నా దగ్గరున్న పనికిమాలిన పురుగొకటి వాడికి పంపాను. బుల్డోజర్ నా మెషిన్లోకి వచ్చింది. వాడు కిటికీ వైపు తిరిగిపోయాడు. ముక్కు ఎగబీలుస్తున్న చప్పుడు వినపడినా నాకేం జాలి వెయ్యలేదు. నాది పోయి ఉంటే వాడికి వేసేదా?

గోదావరి స్టేషన్లో బండి ఆగింది. రాజమండ్రి మెయిను స్టేషన్ చేరేలోపు కొత్త బలం చూసుకుందామని గడ్డిలో తిరిగే ఒక చిన్న ఎలుక మీదికి బుల్డోజర్ని దించాను. నిప్పు నొక్కాను. అది నా వైపు తిరిగి చూసి ఆవులించింది. మళ్లీ నొక్కాను. వెనక్కి తిరిగి కూర్చుంది. ఇంకోసారి నొక్కాను. ఎవరూ జోల పాడకుండానే కాళ్లు చాపుకుని పడుకుంది. ఎలుక దాన్ని కొరుకుతూనే ఉంది.

"ఒరేయ్, దీనికేమైందిరా? నా మాట వినట్లేదు."

వాడు ఇటు తిరగకుండానే అన్నాడు. "పెంచినవాళ్ల మాటే వింటుంది. ఇంకెవరి మాటా వినదు."

నాకు నవ్వు రావాలి నిజానికి. రాలేదు. ఆ పడుకున్నదాని చోట నా ముద్దపప్పు కనపడింది. నేను ఓడి ఉంటే, పాడమంటే పాడకుండా, వాడి మెషిన్లో ఒక మూల ఇలాగే ముడుచుకుని పడుకునేది కదా. నోరు జారి దాన్ని నేనే పంపించి ఉండేదాన్ని కదా.

"ఇదిగో, వైరు పెట్టు" అన్నాను.

"ఎందుకు?"

"నీ మొద్దుని నువ్వే ఏలుకో. నా పురుగుని నాకిచ్చెయ్యి."

వాడు చటుక్కున ఇటు తిరిగాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. "నిజంగానా?"

"మళ్లీ అడిగావంటే ఇవ్వను."

ఇచ్చేశాను. బుల్డోజర్ వాడి తెర మీద కళ్లు తెరవగానే వాడు మెషిన్ని గుండెకి హత్తుకున్నాడు. "గెలిచింది మాత్రం నువ్వేలే" అని గొణిగాడు.

"గట్టిగా చెప్పు."

"గెలిచింది నువ్వే!"

అరటిగెలల ఆయన నవ్వాడు. అమ్మమ్మ సంచులు సర్దుతూ దిగండర్రా దిగండర్రా అని తొందరపెడుతోంది. నేను మాత్రం నా ముద్దపప్పుని ఒక్కసారి తెర మీదికి పిలిచి, ఎదురుగా ఏదో పురుగుంటే, జోల నొక్కాను. పురుగుకి తగల్లేదు. కానీ నా ముద్దపప్పు నోరు తెరిచి, నేను అడగ్గానే పాడింది.