తలుపు తెరిచి ఉన్న చోట

మధ్యాహ్నం భోజనాలయ్యాక నానమ్మ అలా మంచం మీద నడుం వాల్చిందో లేదో, మనవరాలు గువ్వ పిల్లిలా వచ్చి ఆమె ముక్కు కింద వేలు పెట్టింది. ఊపిరి వెచ్చగా తగిలాక వేలు తీసేసి తన బొమ్మల దగ్గరికి వెళ్లిపోయింది. కాసేపటికి మళ్లీ వచ్చింది. ఈసారి నానమ్మ ఒక కన్ను తెరిచింది.

"ఏమే, పోయాననుకున్నావా? నేనంత తేలిగ్గా పోయే రకాన్ని కాదు. మీ నాన్నకి బుద్ధి చెప్పే పని ఇంకా మిగిలే ఉంది."

పక్కగదిలో మిషను మీద చొక్కాకు కాలరు కుడుతున్న తల్లి ఫక్కున నవ్వింది. ఎనిమిదేళ్ల పిల్ల కదా, ఆట అనుకుంది. కానీ మర్నాడూ అదే ఆట. ఆ మర్నాడూ అదే. నానమ్మ కునికితే చాలు, గువ్వ ఎక్కడున్నా పరుగెత్తుకొచ్చేది. వేలికి ఊపిరి తగిలేదాకా పిల్ల తన ఊపిరి బిగబట్టడం ఒకరోజు తల్లి కంటబడింది. మిషను తొక్కుతున్న కాలు ఆగిపోయింది.

గువ్వ పుట్టుకతోనే నటి. ఇంటికొచ్చిన వాళ్లు గుమ్మం దాటకముందే వాళ్ల నడకా మాటా దించేసేది. బస్సు నడిపే తండ్రి అలసిపోయి ఇంటికొచ్చి చెప్పులు విడిచే తీరు చేసి చూపిస్తే తండ్రే పడీపడీ నవ్వేవాడు. కొన్నాళ్ల కిందట బడి నాటకంలో దాని వేషం చూసిన పక్కింటావిడ, పిల్లలకు సినిమాల్లో, ప్రకటనల్లో అవకాశాలిప్పించే ఒక పెద్ద ఏజెన్సీ సంగతి చెప్పింది. తల్లి వెళ్లి చూసింది. అద్దాల తలుపులు, చల్లటి గది, గోడనిండా నవ్వుతున్న పిల్లల ఫోటోలు. గదిలో కూడా నల్లకళ్లద్దాలు తియ్యని మేనేజరు ఒక్కటే షరతు పెట్టాడు. శిక్షణ జరిగేటప్పుడు అమ్మానాన్నలు బయటే ఉండాలి.

చదువరులు ఆ తల్లిని తొందరపడి తప్పుపట్టకూడదు. ఆమె దర్జీ. కత్తెర పట్టినప్పుడు ఎవరైనా నెత్తిమీద నిలబడి చూస్తే ఆమెకూ గీత తప్పేది. "రేపు రండమ్మా, మీరుంటే నా చెయ్యి ఆడదు" అని ఎందరినో బయటికి పంపింది. పనితెలిసిన వాడికి ఆ మాత్రం ఏకాంతం కావాలి కదా అనుకుని పిల్లను చేర్పించింది. తన వృత్తిలోని మంచి నియమమే తన కళ్లకు గంతలు కట్టిందని ఆమెకు తెలియలేదు. గుడ్డకు నొప్పి ఉండదు. పిల్లకు ఉంటుంది.

మిషను మీద కాలు ఆగిన ఆ సాయంత్రం తల్లి గువ్వను ఒళ్లో కూర్చోబెట్టుకుని అడిగింది.

"నానమ్మ ఊపిరి ఎందుకు చూస్తున్నావురా కన్నా?"

 గువ్వ తన గౌను బొత్తాం తిప్పుతూ అంది.

"చెప్తే నాకు వేషం రాదన్నారు."

"రాకపోతే పోయింది. నాకు చెప్పు."

"ఏడుపు సీను చెయ్యాలంటే మేనేజరు అంకుల్ తలుపేసి నా చెవిలో చెప్తారు, మీ నానమ్మ చచ్చిపోయిందని. నేను ఏడుస్తాను. వీడియో తీశాక, ఉత్తుత్తికే అన్నాను అంటారు. మొదటిసారి నమ్మాను. తర్వాత కూడా ఏడుపొస్తోంది అమ్మా. ఒక్కసారి నిజంగా అయితే?"

తల్లి పిల్లను గుండెకు హత్తుకుంది. గుమ్మంలో నిలబడి విన్న నానమ్మ మాత్రం చెంగు బిగించింది.

మర్నాడు ముగ్గురూ ఏజెన్సీకి వెళ్లారు. మేనేజరు కంగారు పడలేదు.

"అది టెక్నిక్ అండీ. పిల్లలకు ఏడుపు ఊరికే రాదు. పెద్ద సినిమాకి మీ పాప పేరే ముందుంది. ఇప్పుడు తీసుకెళ్లిపోతే మళ్లీ ఈ గుమ్మం తెరుచుకోదు, ఆలోచించుకోండి."

పెద్ద సినిమా అనగానే తల్లి మనసు ఒక్క క్షణం తూగింది. తూగలేదంటే అబద్ధం. అంతలో నానమ్మ ముందుకొచ్చింది.

"నేను బతికుండగానే నన్ను చంపి నా మనవరాలిని ఏడిపించావు. కనీసం నన్నొక మాట అడిగి చంపావా నాయనా? ఈ గుమ్మం తెరుచుకోకపోతే మాకు మేలే. మూసిన తలుపు వెనకేగా నీ విద్యంతా."

ఆ మాటలు విని, బయట బల్ల మీద ఎదురుచూస్తున్న తల్లిదండ్రులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వాళ్లలో ఒకాయన లేచి వెళ్లి శిక్షణ గది తలుపు తోశాడు, తన కొడుకు కోసం.

పైన పటారం, లోన లొటారం. ఆ చోటు నుంచి బిడ్డ బయటపడింది గానీ ఇంట్లో పాత గువ్వ లేదు. ఎవరి నడకా చెయ్యదు, ఎవరి మాటా దించదు. తండ్రి కావాలని రోజూ చెప్పులు బరబరా ఈడ్చుకుంటూ వచ్చినా చూసి ఊరుకునేది. "ఇక ఆ నటనా వద్దు, గోలా వద్దు" అన్నాడు ఆయన. ఆ మాట విన్న గువ్వ, "నేనేం తప్పు చేశాను?" అని అడిగింది. ఆయన నానమ్మ వైపు చూశాడు.

"ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకుంటామా? తప్పు చేసింది నటన కాదు, వాడు. పిల్లకి మంచి చోటు వెతకండి," అంది నానమ్మ.

ఈసారి తల్లి గోడల మీది ఫోటోలు చూడలేదు. మందుల షాపు మీది చిన్న గదిలో, ఒకప్పుడు రంగస్థలం మీద వేషాలు వేసిన ఒక పెద్దావిడ ఏజెన్సీ నడుపుతోందని విని ఇంటిల్లిపాదినీ వెంటబెట్టుకుని వెళ్లింది. తలుపు బార్లా తెరిచి ఉంది. లోపల గోడవారగా తల్లిదండ్రులకు కుర్చీలు వేసి ఉన్నాయి.

"మీ దగ్గర పైకొచ్చిన వాళ్ల సంగతి వద్దండీ. మానేసి వెళ్లిపోయిన పిల్లలెవరైనా ఉంటే వాళ్ల అమ్మతో మాట్లాడించండి," అంది తల్లి.

పెద్దావిడ నవ్వి, అక్కడికక్కడే ఫోను కలిపి ఇచ్చింది. అవతలి తల్లి, "మా వాడికి బంతాటే ఇష్టమండీ. మానేస్తానంటే ఆవిడ సరే నాన్నా అన్నారు. ఇప్పటికీ అప్పుడప్పుడూ ఎలా ఉన్నాడని అడుగుతుంటారు," అంది.

"మేము లోపల కూర్చోవచ్చా?" అడిగాడు తండ్రి.

"కూర్చోనంటే నేనే ఒప్పుకోను," అంది పెద్దావిడ. తర్వాత గువ్వ వైపు వంగింది. "మొదటి పాఠం. ఆపండి అను."

"ఆపండి," అంది గువ్వ, తనకే వినపడనట్టు.

"గట్టిగా అనవే. మీ తాతని నేను ఒక్క మాటతో ఆపేదాన్ని," అంది వెనక కుర్చీలోంచి నానమ్మ.

గువ్వ నవ్వింది. ఎన్నాళ్లకో నవ్వింది. మూడోసారి అన్న "ఆపండి" కింద మందుల షాపు దాకా వినిపించింది. రెండో పాఠం ఏడుపు. "ఏడవడం నేర్చుకోకు. ఏడుపు ఆపుకోవడం నేర్చుకో. చూసేవాళ్లు నీ బదులు ఏడుస్తారు," అంది పెద్దావిడ. ఆ రోజు ఇంటికొస్తూనే గువ్వ చెప్పులు ఈడుస్తూ తండ్రి నడక నడిచింది. తండ్రి నవ్వబోయి కళ్లు తుడుచుకున్నాడు.

ఆరు నెలలకు ఒక సినిమాలో వేషం వచ్చింది. దూరం వెళ్లిన నాన్న ఇక రాడని తెలిసి, కిటికీ దగ్గర నిలబడిన కూతురి వేషం. షూటింగు రోజు వెలుతురు తగ్గిపోతోందని అందరికీ కంగారు. దర్శకుడి సహాయకుడొకడు గువ్వ పక్కన మోకాళ్ల మీద కూర్చుని చెవిలో అన్నాడు.

"పాపా, మీ నానమ్మకి ఒంట్లో బాగోలేదట..."

తల్లి కుర్చీలోంచి సగం లేచింది. వెంట వచ్చిన పెద్దావిడ అప్పటికే అటు నడుస్తోంది. కానీ ఇద్దరికంటే ముందు గువ్వ గొంతు లేచింది.

"ఆపండి."

లైట్లు పట్టుకున్న వాళ్లు, తీగలు లాగేవాళ్లు, అందరూ ఆగిపోయారు. దర్శకుడు తల తిప్పాడు.

"నాకు అబద్ధాలు చెప్పక్కర్లేదు అంకుల్. మా నానమ్మ అదిగో, ఆ కుర్చీలో కునుకు తీస్తోంది. ఈ సీను నాకు వచ్చు," అంది గువ్వ.

దర్శకుడు విషయం అడిగి తెలుసుకున్నాడు. సహాయకుణ్ని పక్కకు పంపి, పిల్ల ముందు తానే వంగి, "నీకు వచ్చినట్టే చెయ్యమ్మా," అన్నాడు.

కెమెరా తిరిగింది. గువ్వ కిటికీ ఊచలు పట్టుకుంది. ఏడవలేదు. నాన్న చెప్పుల చప్పుడు వినబడినట్టు మొహం వెలిగింది. కాదని తెలిసింది. పెదవి వణికితే పంటితో అదిమిపట్టి, ఎవరో చూస్తున్నారని గుర్తొచ్చినట్టు నవ్వడానికి ప్రయత్నించింది. కెమెరా వెనకాయన భుజంతో కళ్లు తుడుచుకున్నాడు. బస్సు డ్యూటీ మార్చుకుని వచ్చిన తండ్రి మాత్రం భుజం వెతుక్కోలేదు, అలాగే ఏడ్చేశాడు. కట్ చెప్పడం దర్శకుడికి కాసేపు గుర్తురాలేదు. చెప్పాక, అందరికీ వినపడేలా అన్నాడు.

"ఇక నుంచి నా సెట్లో ఎవరూ పిల్లల చెవిలో మాట్లాడకూడదు. చెప్పేదుంటే అందరిముందూ చెప్పాలి."

చప్పట్లకు నానమ్మ ఉలిక్కిపడి లేచి, "ఏమైంది, అయిపోయిందా?" అంది. గువ్వ పరుగెత్తుకెళ్లి ఆమె ఒళ్లో వాలింది. ఇప్పుడు నానమ్మ ఎంతసేపు కునికినా ఆ పిల్ల ముక్కు కింద వేలు పెట్టడం లేదు. తల్లికి అన్నిటికంటే పెద్ద బహుమతి అదే.

సినిమా వచ్చాక పక్కింటావిడ తన కొడుకుని వెంటబెట్టుకొచ్చింది. "ఏ ఏజెన్సీ మంచిదో ఎలా తెలుస్తుంది వదినా?" అని అడిగింది. తల్లి మిషను ఆపి, కుడుతున్న చొక్కాను తిరగేసి లోపలి కుట్టు చూపించింది.

"పైన మెరుపు చూసి మోసపోయినదాన్ని నేను. లోపల చూడు వదినా. తలుపు తెరిచి ఉందో లేదో చూడు. నిన్ను బయట కూర్చోబెట్టేవాడు ఎంత గొప్పవాడైనా వెనక్కి తిరిగొచ్చెయ్. నీ బిడ్డకు అన్నిటికంటే ముందు 'ఆపండి' అనడం నేర్పేవాళ్ల చేతిలోనే నీ బిడ్డను పెట్టు."