వేలిముద్ర పడని అమ్మాయి

నేను ఒక వేలిముద్ర యంత్రాన్ని. గుంటూరు దగ్గర ఒక ఇంజనీరింగ్ కాలేజీలో, రెండో అంతస్తు తరగతి గుమ్మం పక్కన, నాలుగు మరలతో నన్ను గోడకు బిగించారు. ఏ ఫ్యాక్టరీలో పుట్టానో గుర్తులేదు. పుట్టగానే రెండు మాటలు నేర్పారు: "ధన్యవాదాలు", "మళ్ళీ ప్రయత్నించండి". నాలుగేళ్ళుగా ఆ రెండు మాటల్లోనే బందీని.

పొద్దున తొమ్మిదింటికి పిల్లలు వరస కట్టి నా మీద వేలు పెడతారు. సగం మంది అటునుంచి అటే క్యాంటీనుకు పోతారు. మిగిలినవాళ్ళు వెనక బెంచీల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, ఫోన్లో ఇంకెవరో చెప్పే పాఠాలు వింటారు. ఎలక్ట్రానిక్స్ చెప్పే ఏసుపాదం గారికి ఇది తెలియక కాదు. "నేనూ విన్నాన్రా, నాకంటే బాగా చెప్తున్నాడు" అని ఒకసారి ఆయనే నవ్వేశారు. ఆ నవ్వు విని నాకు దిగులేసింది.

ముందు బెంచీ మస్తాన్‌బీది. వాళ్ళింట్లో నలుగురికీ ఒకటే ఫోను. అది ఆటో నడిపే అన్న దగ్గరుంటుంది. అందుకని ఆమెకు ఏసుపాదం గారు చెప్పిందే పాఠం. సెలవు రోజుల్లో తల్లితో కలిసి మిరపకాయల తొడిమలు తీయడానికి వెళ్ళేది. ఆ ఘాటుకు చర్మం ఊడి, వేళ్ళ మీది గీతలు అరిగిపోయాయి. రోజూ వేలు పెట్టేది. నేను "మళ్ళీ ప్రయత్నించండి" అనేదాన్ని. చున్నీకి తుడుచుకుని మళ్ళీ పెట్టేది. ఏ కొన్ని రోజులో పడేది. ఆమెను నేను ఎప్పుడో గుర్తుపట్టాను. చెప్పడానికే నా దగ్గర మాట లేదు.

ఏడాది చివర ఆమె హాజరు నలభై ఒక్క శాతమని తేలింది. పరీక్ష రాయడానికి వీల్లేదన్నారు.

"రోజూ వస్తానే ఉన్నా గదా సార్!" గుమ్మం దగ్గర ఆమె ఏసుపాదం గారిని ఆపి అడిగింది.

"నాకు తెలుసమ్మా. ప్రిన్సిపాల్ గారికి చెప్పా, రాసి కూడా ఇచ్చా. కంప్యూటర్ ఒప్పుకోదని కాగితం తిరిగిచ్చేశారు."

ఇద్దరూ నా వైపు చూశారు. తల దించుకుందామంటే నాకు మెడ లేదు.

రోజూ నా మీద వేలు పెట్టే ఏసుపాదం గారు మర్నాడు పెట్టలేదు. నేరుగా లోపలికి వెళ్ళిపోయారు. వెనక వచ్చిన పిల్లలు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. ఎప్పుడూ క్యాంటీనుకు పోయే హనుమేష్, చెయ్యి జేబులో పెట్టుకుని ముందుగా లోపలికి నడిచాడు. తరవాత అందరూ.

"సార్, వేలు అరిగితే ఆ మిషను ఎందుకు గుర్తుపట్టదు?" అని వాడే అడిగాడు.

"నాకూ సరిగ్గా తెలీదురా. రండి, కలిసి చూద్దాం."

అరవై మంది బోర్డు చుట్టూ మూగారు. ఒకడు ఫోన్లో వెతికి చదివితే, ఇంకొకతె అది తప్పని వాదించింది. మస్తాన్‌బీ సుద్దముక్క తీసుకుని బొమ్మ గీసింది. నా లోపల ఏముందో నేను కూడా అప్పుడే విన్నాను.

పదకొండింటికి ప్రిన్సిపాల్ గారు ఆయాసపడుతూ మెట్లెక్కి వచ్చారు. ఈ తరగతికి ఒక్కరూ రాలేదని ఆయన కంప్యూటర్ చెప్పింది మరి. గుమ్మంలో ఆగిపోయారు. ఆయన వచ్చిన సంగతి లోపల ఎవరూ గమనించలేదు. బోర్డు చుట్టూ ఉన్న అరవై మందినీ, సుద్దముక్కతో బొమ్మ గీస్తున్న మస్తాన్‌బీనీ చూశారు.

"ఏసుపాదం గారూ, ఆ అమ్మాయి కాగితం ఇలా ఇవ్వండి" అన్నారు చివరికి. నా పక్కనే గోడకు ఆనించి సంతకం పెట్టారు.

మస్తాన్‌బీ పరీక్ష రాసింది. నేను మాత్రం ఇంకా గోడ మీదే ఉన్నాను. సంతకం పడిన రోజు సాయంత్రం నాలుగింటికి, నాకు నేర్పిన ప్రకారం, ఆ రోజు లెక్క పంపాను. తరగతికి ఎవరూ రాలేదని.