కుండ వచ్చింది

నెలకు ఆరు యూరోలకు ఐదువందల తెలుగు సినిమాలు, ముప్పై సీరియళ్లు, పదకొండు చానళ్లు. ఆ ప్రకటన చూసి శరత్ ఎంత మురిసిపోయాడంటే, పెళ్లిచూపుల్లో చంద్రికను చూసి కూడా అంత మురవలేదు. జర్మనీలో వాళ్లుండే ఎర్లాంగెన్ స్టేషన్ దగ్గర మాంసం కూరిన డోనర్ రొట్టె ఒక్కటి తింటే ఏడు యూరోలు అవుతుంది. "ఒక్క రొట్టె మానుకుంటే నెలంత సినిమాలే" అని పెళ్లానికి లెక్క చెప్పి, కాంట్రాక్టుకు ఫోన్ మీద వేలితోనే సంతకం గీసేశాడు. ఆ ప్యాక్ పేరు వెండిమబ్బు ప్లస్. పేరు గొప్ప, ఊరు దిబ్బ.

మొదటి నెల బాగానే నడిచింది. రెండో నెలకల్లా దాని బండారం బయటపడింది. ఐదువందల సినిమాల్లో సగం డబ్బింగువి. మిగిలినవాటిలో కొన్ని ఇంటర్వెల్ దాకా చక్కగా ఆడి, ఆ తర్వాతి భాగం మీ ప్యాక్‌లో లేదని చేతులెత్తేసేవి. చంద్రిక ప్రాణం పెట్టి చూస్తున్న సీరియల్‌లో అత్త కోడలికి విషం కలిపిన పాలగ్లాసు అందిస్తుండగా తెర మీద తాళంకప్ప పడింది. తాళం తీయాలంటే పైప్యాక్ కొనాలి, పదిహేను యూరోలు. పక్కన కూచున్న నాలుగేళ్ల కూతురు కావ్యశ్రీ, కీటా అనే పిల్లల బడిలో నేర్చిన జర్మన్‌లో "షోన్ వీడర్ ఫెర్టిగ్?" అనేది. మళ్లీ అయిపోయిందా అని.

"ఆరు యూరోలకు గింతకన్న ఏమొస్తది? దినానికి ఇరవై సెంట్లు" అనేవాడు శరత్.

"అగ్గువకు వచ్చిందని గడ్డి తింటమా? ఇరవై సెంట్లకు నా పానం తీస్తున్నరు. బంద్ చేయించున్రి" అనేది చంద్రిక.

ఎవరి లెక్క వాళ్లకు సరిగ్గానే ఉంది. అతను ఆదివారం ఒక గంట చూస్తాడు, అతనికి ఆరు యూరోల సరుకు ఎక్కువే. ఆమె పొద్దున పిల్లను కీటాలో దింపి వచ్చి, వారానికి రెండు జర్మన్ క్లాసులు పోను, మిగతా పగలంతా రెండు గదుల్లో ఒక్కతే. నాలుగింటికే చీకటి పడే ఆ చలికాలంలో మాట్లాడే మనిషి లేని ఇంటికి ఏ ప్యాక్ సరిపోతుంది? ఆ సంగతి ఆమెకూ తెలియదు. తెలియక ఆ కోపమంతా వెండిమబ్బు మీద పోసింది. కొత్త సంవత్సరం వచ్చేసరికి ఆ ఇంట్లో ఉప్పు తక్కువైనా కూడా వెండిమబ్బు గొడవే.

నిజానికి ఆ ఇంట్లో పట్టించుకోవాల్సిన విషయం వేరే ఉంది. శరత్ బ్లూ కార్డు అనే ఉద్యోగ వీసా మీద వచ్చి ఏప్రిల్‌కు ఇరవై ఏడు నెలలు నిండుతాయి. అన్ని నెలలూ ఉద్యోగం కదలకుండా ఉంటే, పర్మనెంటుగా ఉండిపోయే కాగితం చేతికొస్తుంది. ఆ తర్వాత ఉద్యోగం పోయినా, ఎవడూ వెళ్లిపొమ్మనలేడు. ఒక్క నెల ముందు పోయిందా, మూడు నెలల్లో ఇంకో ఉద్యోగం వెతుక్కోవాలి, లేదా పెట్టెలు సర్దుకోవాలి. చంద్రిక ఆ ఏప్రిల్ కోసం దేవుడికి రోజూ దీపం పెడుతోంది.

ఇక కుండ సంగతి. జర్మనీలో దేన్ని వదిలించుకోవాలన్నా క్యూండిగుంగ్ అనే కాగితం పంపాలి. ఇల్లు ఖాళీ చేసినా, జిమ్ము మానేసినా, ఫోన్ కంపెనీ మార్చినా అదే మాట. ఉద్యోగంలోంచి తీసేసినా అదే మాట, కానీ ఆ అర్థంలో ఎవరూ నోట అనేవారు కాదు. ఎర్లాంగెన్ తెలుగువాళ్ల నోట్లో పడి అది నలిగి నలిగి కుండ అయింది. జిమ్ముకు కుండ పెట్టిన, ఇంటామెకు కుండ పంపిన అని చెప్పుకుని నవ్వుకునేవారు.

జనవరిలో పోరు పడలేక శరత్ వెండిమబ్బుకు కుండ పెట్టాలనుకున్నాడు. యాప్‌లో మీట నొక్కితే గిరగిరా తిరిగి ఆగిపోయేది. కాగితం మీద రాసి రిజిస్టర్ పోస్టులో పంపాడు. పదిరోజులకు కరీంనగర్‌లో తల్లికి మోకాలి ఆపరేషన్. తమ్ముడు ధీరజ్ ఒక్కడే తిప్పలు పడుతున్నాడని, నెల సెలవు పెట్టి ఫిబ్రవరి మొదట్లో బయల్దేరాడు. ఆఫీసు లాప్‌టాప్ ఇంట్లోనే అలమరలో పెట్టాడు. పోతూ పోతూ గడపలో నిలబడి చెప్పాడు.

"చంద్రీ, పోస్టుల కుండ వస్తది. పారెయ్యకు, ఫైల్ల పెట్టు. ఈ దేశంల కాగితం ఉంటెనే మనిషి."

వారం తిరక్కుండానే వచ్చింది. పసుపు బండి పోస్టమ్మ సంతకం పెట్టించుకుని మరీ ఇచ్చింది. చంద్రిక పప్పు కింద పొయ్యి కట్టేసి కవరు చింపింది. మ్యూనిక్ అడ్రసు, ఏదో సర్వీస్ జీఎంబీహెచ్ అని కంపెనీ పేరు, మధ్యలో నల్లటి లావు అక్షరాల్లో క్యూండిగుంగ్. కింద మార్చి ముప్పై ఒకటి అని తేదీ. వెండిమబ్బు బిల్లు కూడా మ్యూనిక్ నుంచే, ఏదో సర్వీస్ జీఎంబీహెచ్ పేరుతోనే వచ్చేది. మిగతా రెండు పేరాలు చదివేంత జర్మన్ ఆమెకు లేదు. ఉన్నా, తనకు తెలిసిన మాట దొరికాక ఇంకెవరైనా వెతుకుతారా?

మొగుడి కంపెనీ పేరు తెలియదా అనకండి. ఆమెకు తెలిసిన కంపెనీ, అతను రోజూ సైకిలేసుకుని వెళ్లే ఆ పెద్ద కంపెనీయే. అందరికీ చెప్పుకునేదీ దాని పేరే. కాని అతను ఆ కంపెనీ మనిషి కాదు. మ్యూనిక్‌లోని ఒక చిన్న కంపెనీ అతన్ని జీతానికి పెట్టుకుని, అక్కడికి పనికి పంపింది. ఆ చిన్న పేరు వీసా కాగితాల్లో తప్ప ఇంట్లో ఎన్నడూ వినబడలేదు. కొంచెం నామోషీ అని శరత్ అననిచ్చేవాడు కాదు.

చంద్రిక సంబరంగా వాట్సాప్‌లో గొంతు పంపింది. "ఏమండి, కుండ వచ్చింది! మార్చి ముప్పై ఒకటికి మనకు పీడ వదులుతది."

ఆసుపత్రి వరండాలోంచి అతని గొంతు వచ్చింది. "శబాష్! ఫైల్ల పెట్టు. ఇగ నా తల తినకు."

ఫైలులో పెట్టింది. ఇరవై ఆరు రోజులు ఆ కాగితం అక్కడే ఉంది.

మార్చి అయిదున శరత్ తిరిగి డ్యూటీకి వెళితే గేటు దగ్గర కార్డు పనిచెయ్యలేదు. రెండోసారి గీశాడు, మూడోసారి గీశాడు. వెనక నిలబడ్డవాళ్లు పక్క గేటుకు పోయారు. చలిలో నిలబడే మ్యూనిక్‌కు ఫోన్ చేస్తే, ప్రాజెక్టు ఆగిపోయిందనీ, ఉత్తరం ఎప్పుడో పంపామనీ, భార్య సంతకం పెట్టి తీసుకుందనీ చెప్పారు.

పదిన్నరకు ఇంటికొచ్చిన మనిషిని చూసి చంద్రిక జ్వరమేమో అనుకుంది.

"ఆ కుండ ఏదీ?"

తెచ్చి ఇచ్చింది. బూట్లు విప్పకుండా నిలబడే చదివాడు. "ఇది వెండిమబ్బుది కాదే. ఇది నాది. నన్నే తీసేసిన్రు."

కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందని మనవాళ్లు ఊరికే అనలేదు. చంద్రిక ఆ కాగితం లాక్కుని లావు అక్షరాల మీద వేలు పెట్టింది. "నేను చెప్పిన గదండి, కుండ వచ్చిందని" అంది.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, నాలుగోనాడు టెర్మిన్, అంటే అపాయింట్‌మెంట్, దొరికించుకుని న్యూరెంబర్గ్‌లో ఒక లాయరమ్మ దగ్గరికి వెళ్లారు. ఆమె ఇంగ్లీషులో నిదానంగా, చంద్రికకు కూడా తెలిసేటట్టు చెప్పింది. తీసివేత కాగితం ఇంటికొచ్చిన మూడు వారాల్లోపు కోర్టుకు వెళ్లాలి. వెళ్లి ఉంటే, కంపెనీలో ఉన్న నలభైమందిలో ఇతన్నే ఎందుకు తీశారని నిలదీసేవాళ్లం. ఏమీ కాకపోయినా మే దాకా లాగేవాళ్లం. ఇప్పుడు గడువు దాటింది. మే అన్న మాటకు భార్యాభర్తలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. వాళ్లకు కావాల్సింది ఏప్రిలే కదా.

"ఒక్క దారి ఉంది" అంది లాయరమ్మ. "మీరు ఊళ్లో లేరు. ఉత్తరం వచ్చిన సంగతే మీకు తెలియదని చూపిస్తే, ఆలస్యాన్ని మన్నించమని అడగవచ్చు. క్యూండిగుంగ్ వచ్చిందని తెలిసీ చూడకుండా ఊరుకుంటే మాత్రం తప్పు మీదే అంటారు. మీ భార్య మీకు చెప్పిందా?"

శరత్ బల్ల మీద ఉన్న పెన్ను వైపు చూశాడు.

"లేదు. ఆమె నాకేమీ చెప్పలేదు."

చంద్రిక చటుక్కున మొగుడి వైపు తిరిగింది. లాయరమ్మ ఆమె వైపు తిరిగి, "నిజమేనా? నిజమని మీరు ప్రమాణం చేసి రాసివ్వాలి. అబద్ధమని తేలితే మీకు శిక్ష పడుతుంది, ఆయనకు కాదు" అంది.

నోట్లో నువ్వుగింజ నానదని అత్తగారు వేళాకోళం చేసే కోడలు, ఆనాడు నోరు కట్టేసుకుని తల ఊపింది. అతని మీద కోపం రాలేదు. ఆ పోరు పెట్టిందీ తనే, ఆ కవరు చింపిందీ తనే, ఈ ఒక్క సంతకంతో తప్పు దిద్దుకోవచ్చనుకుంది. లాయరమ్మ రాసిచ్చిన కాగితం మీద తెలుగులో పేరు రాసి, మళ్లీ కొట్టేసి ఇంగ్లీషులో రాసింది.

మెట్లు దిగుతూ శరత్ ఆమె చెయ్యి పట్టుకున్నాడు. "ఇంకో తొవ్వ లేదు చంద్రీ. మన ముగ్గురి కోసమే గద. నువ్వు చెప్పింది నాకు ఎర్కలేదా?"

"ఎర్కుంటె చాలు" అంది ఆమె.

రైలు ప్లాట్‌ఫారం మీద అతను ఆమె ఫోన్ తీసుకుని, కుండ వచ్చిందన్న ఆ వాట్సాప్ గొంతును తుడిచేశాడు. తన ఫోన్‌లోనూ, తన జవాబుతో సహా తుడిచేశాడు. పాత మాటలు దాచిపెట్టే చోట్లు కూడా వెతికి మరీ తుడిచాడు. సాఫ్ట్‌వేర్ మనిషి కదా, ఆ పని మాత్రం పక్కాగా చేశాడు.

మార్చి ముప్పై ఒకటిన జీతం ఆగింది. ఏప్రిల్ వచ్చింది, వెళ్లింది. దీపం పెట్టడం ఆమె మానలేదు గాని, ఏమని మొక్కాలో తెలిసేది కాదు. శరత్ ఎనభై చోట్లకు అర్జీలు పెడితే మూడు చోట్ల పిలిచారు, మూడు చోట్లా వద్దన్నారు. మే మూడోవారంలో కోర్టు జవాబు వచ్చింది. లాయరమ్మ దాన్ని ఫోన్‌లో చదివి చెప్పింది. ఉత్తరాలు చూసుకునే పని భార్యకు అప్పగించి వెళ్లిన మనిషి, ఆమె చేసిన పొరపాటు నాది కాదనడానికి లేదన్నారు. కుదరదన్నారు.

ఆ శనివారం పొద్దున చంద్రిక వంటింట్లో కావ్యశ్రీకి దోశ వేస్తోంది. హాల్లో శరత్ కరీంనగర్‌కు మాట్లాడుతున్నాడు. పిల్ల "నోఖ్ ఐనే" అని ఇంకొకటి అడుగుతుండగా, అతని మాటలు తలుపు సందులోంచి వినబడ్డాయి.

"ఏం జేస్తమురా ధీరజ్, మన నసీబు. జూన్ ఆఖరుకు వచ్చుడే... లేదురా, చెప్పనే లేదు. నెలరోజులు ఫైల్ల పెట్టుకొని కూసుంది. ఒక్కమాట చెవుల వేస్తే నేను ఆడికెల్లే చూసుకుందును... అమ్మకేం చెప్తవో చెప్పు. ఉన్నదే చెప్పు."

చంద్రిక పొయ్యి ఆపి హాల్లోకి వచ్చింది. అతను ఫోన్ పెట్టేసేదాకా నిలబడింది.

"ఈడ జడ్జి లేడు, లాయరమ్మ లేదు. మీ తమ్మునికి కూడ గదే చెప్పాల్నా?"

"ఏం చెప్పిన?"

"నేను చెప్పలేదని."

శరత్ ఆమె వైపు చూశాడు. నిద్ర లేని కళ్లు, నెరిసిన గడ్డం. ఆ ముఖంలో దొంగచూపు ఏదైనా కనబడుతుందేమోనని ఆమె వెతికింది. కనబడలేదు.

"మరి చెప్పినవా?" అన్నాడు.

నిజంగానే అడుగుతున్నాడు. అడిగి, జవాబు కోసం చూస్తున్నాడు. నలుగురికి చెప్పి చెప్పి తనే నమ్మేశాడని ఆమెకు అప్పుడు అర్థమైంది. ఏడుపు రాలేదు, భయం వేసింది. చెప్పలేదని ప్రమాణం చేసిన సంతకం తనది. చెప్పానని చూపడానికి ఫోన్‌లో ఏమీ మిగల్లేదు. అరిచి చెప్పినా నమ్మేవాళ్లెవరు? రేపు విమానం దిగి కరీంనగర్ చేరిన దగ్గర్నించి, బతికినన్నాళ్లూ, మొగుడి ఉద్యోగం మింగిన కోడలు తనే.

"లేదు" అంది చంద్రిక. "చెప్పలేదు."

శరత్ తల ఊపి, మళ్లీ ఫోన్ చేతిలోకి తీసుకున్నాడు.