పసుపు కాప్పు

పరంధామయ్య బకెట్ మీదికి వంగి కుడి చెయ్యి మణికట్టు దాకా ముంచాడు. నీళ్లలోనే వేళ్లు ఒకదానితో ఒకటి రాసుకున్నాడు. రాయపురంలోని ఆ అద్దకం షెడ్డులో ముప్పై ఒక్క ఏళ్లుగా అతని పని అదే.

తొట్టిలో రంగు కలిపాక ముందు ఉప్పు పోస్తారు. ఉప్పు రంగును బట్ట దగ్గరికి తోస్తుంది, అంతే. చేతికి నీళ్లు నీళ్లలాగే ఉంటాయి. ఆ తర్వాత వేరే బకెట్లో కరిగించిన చాకలి సోడా పొయ్యాలి. రంగు బట్టను పట్టుకునేది దానితోనే. సోడా పడ్డ నీళ్లు వేళ్ల మధ్య సబ్బులా జారతాయి. పటిక పడితే నాలుకకు పుల్లగా తగులుతాయి. మూడూ తెల్లటి పొడులే, మూడూ ఒకే రకం గోనెసంచుల్లో వస్తాయి. పరంధామయ్య చెయ్యి పెట్టి "సరిపోయింది" అంటేనే బకెట్ తొట్టిలోకి వంగేది. మూడో తరగతితో బడి మానేసిన మనిషికి లోకం ఇచ్చిన మర్యాద ఆ ఒక్క మాటే.

ఆ వేళ్ల మీద ఇప్పుడు గీతలు లేవు. గోళ్ల మొదళ్లు నీలం, చివళ్లు నలుపు. వేసవిలోనే స్పర్శ పోయింది. నోరు పొగాకుకూ సున్నానికీ పుండైపోయి, నాలుక మీద ఏది పెట్టినా ఒకటే మంట. ఎవరికీ చెప్పలేదు. చెబితే ఆ రోజే ఇంటికి పొమ్మంటారు.

ఆ వేసవిలోనే తోటి పనివాడు అరుముగం సోడా అనుకుని ఉప్పు కరిగించి తెచ్చాడు. పరంధామయ్య చెయ్యి పెట్టాడు, ఏమీ తెలియలేదు, "సరిపోయింది" అన్నాడు. నాలుగు వందల లుంగీలు తొలి ఉతుకుకే వెలిసిపోయాయి. యజమాని కోదండరాం అరుముగాన్ని అప్పటికప్పుడే పంపేశాడు. అతనిప్పుడు ఎన్నూరులో లారీలకు బూడిద ఎత్తుతున్నాడు. అతను గేటు దాటుతున్నప్పుడు పరంధామయ్య తల వంచుకుని చేతులు కడుక్కుంటూ ఉన్నాడు.

ఎండలు తగ్గి తమిళుల ఆడి నెల వచ్చాక, అమ్మవారి మొక్కుకని భార్య మునెమ్మ అతని మణికట్టుకు పసుపు దారం కట్టింది. అందరూ రక్షగా కట్టుకునే కాప్పే. మర్నాడు సోడా నీళ్లలో తడిసి అది కుంకుమలా ఎర్రబడింది. అంతకు ముందు ఉప్పు నీళ్లలో మాత్రం పసుపుగానే ఉండిపోయింది. పండగ ముగిసి అందరూ కాప్పు విప్పేసినా, అతను మాత్రం రోజుకో దారం పసుపులో ముంచి కట్టుకుని వస్తున్నాడు.

ఈ ఉదయం సోడా అని తెచ్చిన బకెట్లోంచి చెయ్యి తీసి చూశాడు. దారం పసుపుగానే ఉంది.

"పొయ్యబాక. ఇది సోడా గాదు," అన్నాడు.

అరుముగం బదులు చేరిన నాగప్పన్ నాలుక కరుచుకున్నాడు. తనూ తప్పు సంచే విప్పాడు. పక్కనే నిలబడ్డ కోదండరాం పెద్దగా నవ్వాడు.

"చూసినావా నాగప్పా? అదప్పా చెయ్యంటే! ఆ అరుముగం గాడు కబోది. నా లుంగీలన్నీ ముంచేసి పాయె."

పరంధామయ్య చెయ్యి తుడుచుకోలేదు. నీళ్లు మోచేతి మీదుగా కారుతున్నాయి.

"వాణ్ని అనబాకండి శెట్టిగారూ. ఆ పొద్దు సరిపోయిందన్నది నేను."

"అయితే ఏందిప్పుడు?"

"నా వేళ్లకు ఏమీ తెలీదు. ఎండాకాలం నుంచే తెలీదు. ఇప్పుడు చెప్పింది ఈ దారం."

కోదండరాం నమ్మలేదు. నాగప్పన్ చేత సరైన సంచి విప్పించి సోడా కలిపించాడు. పరంధామయ్య దారం విప్పి ఒక కొస ముంచాడు. ఎర్రబడింది.

కోదండరాం ఆ కొసను రెండు వేళ్లతో పట్టుకుని చూశాడు.

"శరి. ఇంట్లో చిటికెడు పసుపుంటే చాలునన్నమాట. ఇంక నువ్వెందుకప్పా నాకు?"

"నేనూ అదే చెబుతుండా. అరుముగాన్ని పిలిపించండి. ఇట్టా ముంచి చూస్తాడు."

"సంచి తప్పు విప్పినోడు వాడే గదా?"

"ఈయప్ప గూడా విప్పినాడు గదా, ఈడనే ఉండాడే."

నాగప్పన్ తొట్టి వైపు తిరిగి, అవసరం లేకపోయినా రంగు కలపడం మొదలుపెట్టాడు.

"పిలుస్తాలే పో," అన్నాడు కోదండరాం.

పరంధామయ్య గోడ మేకు నుంచి చొక్కా తీసుకుని, దారాన్ని ఆ మేకుకు తగిలించాడు. టిఫిన్ డబ్బా తీసుకున్నాడు. అందులో అన్నం ఇంకా వేడిగానే ఉంది. గేటు దగ్గర చెప్పులు వేసుకుంటూ వెనక్కి చూడలేదు. పన్నెండు గంటలకు షెడ్డులో రెండో తొట్టిలోంచి బట్టలు తీశారు. రంగు బాగా పట్టింది.

మేకుకు దారం సగం ఎర్రగా, సగం పసుపుగా ఆరుతూ ఉంది.