నీళ్లు నింపిన చక్రాలు

ఆ ఏడు మృగశిర వానలు విడవకుండా పడ్డాయి. అమీర్‌పేట పక్కన నవాబుగారి పొలంలో, కొత్తగా తెప్పించిన చిన్న ట్రాక్టరు తడినేలలో దిగగానే వెనక చక్రాలు ఉన్నచోటే గిర్రున తిరిగి, బురద చిమ్మి, నిలిచిపోయేవి. దాన్ని నడిపే సాయిలుకు కాలు నిలవడం లేదు. నిరుటి దాకా అతను అదే పొలాన్ని ఎడ్లతో దున్నినవాడు. ఎడ్లను అమ్మేశారు. ఈ బండి కూడా కదలకపోతే తనతో ఎవరికీ పని ఉండదని అతని భయం.

పొలం వ్యవహారాలు చూసే మున్షీ రాజనర్సయ్యదీ అదే తొందర. నవాబుగారు బొంబాయి నుంచి తిరిగొచ్చేలోగా దుక్కి పూర్తి కావాలి. గట్టు మీద అటూ ఇటూ తిరిగి తిరిగి, బండి తేలికై జారుతోందని, వెనక బరువు పెట్టాలని అన్నాడు. గట్టు మీద పనికోసం కూర్చున్న కూలి ఆడవాళ్లను చూపించాడు.

సాయిలే వెళ్లి పిలిచాడు. చక్రాల మీది రేకులపై ఒకవైపు అతని భార్య రుద్రమ్మ, మరోవైపు కొమురమ్మ ఎక్కి కూర్చున్నారు. బండి కదిలింది. మున్షీ ముఖం విప్పారింది. సాయిలు మాత్రం మాటిమాటికీ వెనక్కి చూసుకుంటూనే తోలాడు.

ఒక మలుపులో బండి కుదిపింది. కొమురమ్మ కొంగు జారి చక్రానికి చుట్టుకుంది. ఆమె ఒరిగిపోతుంటే రుద్రమ్మ వంగి జబ్బ పట్టి లాగింది. సాయిలు ఇంజను ఆపేశాడు. చీర చిరిగింది, మోచేయి చెక్కుకుపోయింది, మనిషి దక్కింది.

మున్షీ ఆమెకు మంచినీళ్లు ఇప్పించాడు. కాసేపాగి, కొంగులు బిగించి దోపుకుని ఇద్దరినీ మళ్లీ ఎక్కమన్నాడు. కాదంటే రేపు పనికి పిలవరని రుద్రమ్మ లేవబోయింది.

"మనుషుల్ని ఎక్కిస్తే నేను తోల, మున్షీ సాబ్. నన్ను తీసేస్తే తీసెయ్యిండ్రి" అన్నాడు సాయిలు. బండి మీంచి దిగేశాడు.

అటునుంచి అటే పంజాగుట్టలో లారీలు బాగుచేసే శివరాములు దగ్గరికి పోయాడు. బరువుకు బండికి రాళ్లు కట్టనా అని అడిగాడు. రాళ్లు ఊడి మీద పడతాయన్నాడు శివరాములు. ట్రాక్టరు చక్రాల్లో నీళ్లు నింపుతారని మిలిటరీ మేస్త్రీ ఒకడు చెప్పగా విన్నాడట, తానెన్నడూ చేయలేదట. అయినా జాకీ, గాలిపంపు తీసుకుని వెంట వచ్చాడు.

టైరు పగిలితే నవాబుగారికి ఏం చెప్పాలని మున్షీ మొదట ఒప్పుకోలేదు. మళ్లీ మబ్బు కమ్మేసరికి తానే నవాబుగారి తోటలోని నీళ్ల ట్యాంకు తాళంచెవి తెచ్చాడు. చక్రాన్ని లేపి, గాలి కొట్టే వాల్వు పైకి వచ్చేలా తిప్పి, ట్యాంకు నుంచి రబ్బరు గొట్టం తగిలించారు. మధ్యమధ్య గొట్టం తీసి లోపలి గాలిని పోనిచ్చారు. మున్షీ గొట్టం పట్టుకుని నిలువునా తడిశాడు. ముప్పాతిక వంతు నిండాక ఆపి, మిగతా చోటు గాలితో నింపారు.

బండి బురదలో దిగింది. చక్రాలు కాస్త జారాయి, ఆ తర్వాత నేలను కరిచి పట్టుకున్నాయి. నవాబుగారు రాకముందే దుక్కి అయిపోయింది.

నాట్లకు కొమురమ్మ వచ్చింది. మోచేతికి ఇంకా గుడ్డకట్టు ఉంది. సాయిలు గట్టు మీద నిలబడి, "ఇగ ఎవ్వల్నీ ఎక్కియ్య, అక్కా" అన్నాడు.

ఆమె తలెత్తలేదు. "ఆపింది నువ్వే సాయిలూ. ఎక్కుమని పిలిసింది సుత నువ్వే."

సాయిలు అక్కడ నిలబడలేక, పంచె ఎగగట్టి మడిలోకి దిగి నారుకట్టలు అందించసాగాడు. ఆమె అందుకుంది.