వెర్నా తలుపు మీది రేకు

శనివారం పొద్దున పెరట్లోంచి వచ్చిన వెర్నా స్టోల్జ్‌కి రెండు సంగతులు ఒకేసారి కనబడ్డాయి: వీధి తలుపు మీద ఉండాల్సిన రేకు బోర్డు లేదు, హాల్లో ఆమె భర్త ఎమెట్ ఎవరో కొత్తమనిషి చాపిన కాగితాల మీద సంతకం పెడుతున్నాడు.

"గ్రేడీ, వెంటనే రా," అంది ఫోన్లో. అంతే. ఆరు నిమిషాల్లో నా పోలీసు కారు వాళ్లింటి ముందుంది.

ఓహాయోలో మా ఊరి చట్టం చిన్నదే. ఇంటింటికీ తిరిగి అమ్మేవాడికి ఊరి ఆఫీసు ఇచ్చే పర్మిట్ ఉండాలి. కానీ 'అమ్మకాలకు రావద్దు' అని బోర్డు పెట్టిన ఇంట్లో, పర్మిట్ ఉన్నా సరే, బెల్లు నొక్కడమే నేరం. పర్మిట్ పోతుంది, కోర్టు మెట్లెక్కాలి. బోర్డు లేదా, ఇంటివాళ్లు పొమ్మనేదాకా అతని మీద కేసు లేదు.

వెర్నాకి ఆ తేడాయే ప్రాణం. ముప్పయ్యేళ్లు బస్సు నడిపిన ఎమెట్, పోయినేడు పక్షవాతం వచ్చిన దగ్గర్నుంచి ఎవరేమడిగినా సరేనంటాడు. ఆమె టమాటా మొక్కల దగ్గరుండే అరగంటా ఆయనకి కాపలా ఆ రేకే.

"బోర్డేదీ సార్? లేని బోర్డు చదవడం నాకు రాదు," అన్నాడు డారెల్ పిక్స్‌టన్, మెడలో పర్మిట్ కార్డు ఊపుతూ. తలుపు దగ్గర పెట్టే కెమెరాలు అమ్ముతాడతను.

"నిన్న మధ్యాహ్నం నేనే గుడ్డతో తుడిచాను. గాలికి నాలుగు స్క్రూలూ ఊడొచ్చాయా నాయనా?" అంది వెర్నా.

"ఈ వయసులో మరుపు మామూలేలెండి మేడం."

నాకు ఒళ్లు మండింది. ఆమె మాత్రం నవ్వింది.

"నిజమే, మరుపే. ఇందాక మా ఆయనకి ఏదో గొప్పగా చెప్తున్నావే, మళ్లీ ఓసారి చెప్పు."

అమ్మకం మాట వినగానే డారెల్ మొహం వెలిగిపోయింది. "వీధి అవతల నిలబడ్డ మనిషి పుట్టుమచ్చ కూడా కనిపిస్తుంది మేడం! నెలరోజుల రికార్డు. ఎవడి తరమూ కాదు చెరపడం!"

"భలే! బుధవారం ఎదురింటి లొరెయిన్‌కి నువ్వు బిగించింది ఇదే కదూ? సరిగ్గా మా తలుపుకేసి చూస్తోంది."

డారెల్ తల తిప్పి ఎదురింటి వైపు చూశాడు.

"ఇంకో పేజీ ఉందా?" అన్నాడు ఎమెట్.

"పెన్ను కింద పెట్టు బంగారం," అంది వెర్నా.

ఇరవై రెండేళ్ల సర్వీసులో నేను ఇంత శుభ్రంగా ఎవర్నీ పట్టుకోలేదు. టోపీ సర్దుకుని ఎదురింటి వైపు అడుగేశాను. డారెల్ గుమ్మం మెట్టు మీద కూలబడ్డాడు.

"చూడక్కర్లేదు సార్. నేనే తీశాను. నిన్న సాయంత్రం వీళ్ల కారు బయటికెళ్లగానే. నా కారు సీటు కింద ఉంది, స్క్రూలతో సహా. పదకొండేళ్లుగా ఇదే పని నాకు. కరవడానికొచ్చిన కుక్కల్ని మచ్చిక చేసుకున్నాను, తిట్టినవాళ్లకే అమ్మాను. కానీ ఈ నెలలో నాలుగుసార్లు ఆ రేకు దాకా వచ్చి వెనక్కెళ్లిపోయాను. దాన్ని నవ్వించలేం, బతిమాలలేం, మాటల్లో పెట్టలేం. ఈవిడ ఇంట్లో ఉన్నా లేకపోయినా అది ఒకే మాట మీద ఉంటుంది. అది ఉన్నంతకాలం ఈ బెల్లు నొక్కే ధైర్యం నాకు లేదు సార్. అందుకే తీశాను."